నిదానం

హైదరాబాదు నగరానికి వాయవ్య దిశగా, సంగారెడ్డి జిల్లా జిన్నారం మండలంలో కాజీపల్లి ఉన్నది. మెదక్ జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో సంగారెడ్డి జిల్లాలో చేరింది. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి అనే పేర్లు వినగానే ఔషధ పరిశ్రమలు, రసాయన కర్మాగారాలు స్ఫురణకు వస్తాయి. మూడు షిఫ్టులలో పనిచేసే ఈ ఊళ్ళలో రాత్రికీ పగటికీ భేదం తక్కువ. తెల్లవారకముందే కంపెనీ బస్సులు, ఆటోలు, డీసీఎం వాహనాలు రోడ్డెక్కుతాయి. ఆ వాహనాలను నమ్ముకొని బ్రతికే చిన్న చిన్న మరమ్మతు దుకాణాలు ప్రతి కూడలిలోనూ కనిపిస్తాయి. తాటాకు పందిరి, రెండు పాత టైర్లు, నూనె మరకలతో నల్లబడిన నేల, గోడకు వేలాడే స్పానర్లు: ఇంతకుమించి వాటికి ఆడంబరమేమీ ఉండదు. అటువంటి పందిరి క్రింద 2019 వేసవిలో జరిగిన ఒక దోషాన్వేషణ ఈ వ్యాసానికి విషయం.

ఒక ఔషధ కర్మాగారంలోని ప్రయోగశాలలో నాణ్యతను పరీక్షించే ఉద్యోగి ఒకడు బొల్లారంలో కాపురముండేవాడు. అతని తండ్రికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు సంగారెడ్డిలోని ఆసుపత్రికి వెళ్ళి రక్తశుద్ధి చేయించుకోవాలి. వెళ్ళేటప్పుడు ఆ వృద్ధుడు ఎలాగో బస్సెక్కగలడు. కాని నాలుగు గంటలసేపు యంత్రానికి అతుక్కొని పడుకున్న తరువాత తిరిగి వచ్చేటప్పుడు నిలబడే శక్తి కూడా ఉండేది కాదు. ఆ కారణంగా కొడుకు తన భవిష్యనిధి నుండి కొంత సొమ్ము తీసి, 2018 చివర, ఆరేళ్ళు నడిచిన ఒక చిన్న పెట్రోలు కారును కొన్నాడు. చలికాలమంతా ఆ కారు ముచ్చటగా నడిచింది. తండ్రి ముందు సీటులో కూర్చొని, దారి పొడవునా చెరువులను, పొలాలను, వాటి స్థానంలో లేచిన గోడలను కొడుకుకు చూపిస్తూ పాత కథలు చెప్పేవాడు.

మార్చి నెల చివరిలో ఒకనాటి మధ్యాహ్నం, ఆసుపత్రి నుండి తిరిగి వస్తూ ముంబయి జాతీయ రహదారిపై ఉండగా ఇంజను హఠాత్తుగా ఆగిపోయింది. ఇంజను ఆగితే స్టీరింగుకు యంత్రం అందించే సహాయం పోతుంది. చక్రం రాయిలా బిగుసుకుంటుంది. రెండు మూడుసార్లు నొక్కేసరికి బ్రేకు కూడా బరువెక్కుతుంది. వెనుక నుండి ఒక లారీ హారను మ్రోగిస్తూ వస్తున్నది. అతడు బలమంతా ఉపయోగించి కారును రోడ్డు ప్రక్కకు చేర్చాడు. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఇంజను తిరుగుతున్నదే కాని అందుకోలేదు. ఎండలో తండ్రి సొమ్మసిల్లిపోయేటట్లున్నాడు. సుమారు అరగంట గడిచాక, నిరాశతోనే మరొకసారి తాళం త్రిప్పగా, ఏమీ జరగనట్లు ఇంజను చలాకీగా మ్రోగింది. ఇంటికి చేరేవరకు మళ్ళీ ఆగలేదు.

మరుసటి రోజు ఉదయం కారును ఒక దుకాణానికి తీసుకువెళ్ళాడు. అక్కడ అది ఎంతో బుద్ధిగా నడిచింది. అయినా ఏదో ఒకటి చేయాలి గనుక మెకానిక్ పెట్రోలు ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. పది రోజులు కారు ఆగలేదు. జబ్బు నయమైనదని అందరూ సంతోషించారు. పదకొండవ రోజున మళ్ళీ ఆగింది. రెండవ మెకానిక్ పెట్రోలును ట్యాంకులో నుండి తోడే పంపును మార్చాడు. దానికి ఎనిమిది వేల రూపాయలకు పైగా ఖర్చయింది. వారం రోజులలో మళ్ళీ అదే కథ. మూడవచోట కారు కంప్యూటరుకు స్కానరు తగిలించి చూశారు. తెరపై ఏ దోషమూ లేదని వచ్చింది.

మన దేశంలో కార్లు తమ దోషాన్ని తామే గుర్తించి జ్ఞాపకముంచుకొనే ఏర్పాటు 2010 ఏప్రిల్ నుండి మొదటి దశగా, 2013 ఏప్రిల్ నుండి రెండవ దశగా అమలులోకి వచ్చింది. కంప్యూటరుకు తెలిసిన దోషాన్ని అది ఒక సంకేత సంఖ్య రూపంలో దాచిపెడుతుంది. కాని కంప్యూటరు కూడా తనకు చెప్పినదే వింటుంది. తనకు వార్త తెచ్చే దూతయే మూగబోతే ఆ మూగతనాన్ని అది ఒక్కొక్కసారి దోషంగా కాక, విశ్రాంతిగా భావిస్తుంది. ఈ సంగతి తరువాత బయటపడింది.

అనుక్షణం ఉండే దోషాన్ని కనిపెట్టడం సులభం. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే దోషం వైద్యుడినైనా, యాంత్రికుడినైనా ఏమార్చగలదు. మన పెద్దలు లోకవ్యవహారాన్ని వివరించడానికి కొన్ని న్యాయాలను చెప్పారు. అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి కుండలోని మెతుకులన్నీ పట్టి చూడనక్కరలేదు, ఒక్కటి చాలు. ఇది స్థాలీపులాక న్యాయం. ఎల్లవేళలా ఒకే తీరున ఉండే వస్తువుకు ఈ న్యాయం సరిపోతుంది. అప్పుడొక తీరున, ఇప్పుడొక తీరున ఉండే దానికి సరిపోదు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణంలో జరిగితే, కాకి వాలినందువల్లనే పండు రాలినదని అనుకోవడం మనుషులకు సహజం. ఇది కాకతాళీయ న్యాయం. ఫిల్టరు మార్చిన తరువాత పది రోజులు కారు ఆగలేదన్నది నిజమే. కాని ఆ పది రోజులూ అకాల వర్షాలతో వాతావరణం చల్లబడి ఉన్నది. ఆ విషయాన్ని అప్పుడెవరూ ఆలోచించలేదు. మెకానిక్ కాకిని చూశాడు, తాటిపండును చూశాడు, గాలిని చూడలేదు.

విసిగి వేసారిన ఉద్యోగి కారును అమ్మివేయాలని నిశ్చయించుకున్నాడు. ఒక ఆదివారం ఉదయం ఏడు గంటలకు, గడ్డపోతారంలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే ఒక యువకుడు కారును చూడవచ్చాడు. అతని భార్యకు ఏడవ నెల. రాత్రివేళ అవసరం పడితే ఆటో దొరకదన్న భయంతో, ఉన్నదంతా కూడబెట్టి కారు కొనబోతున్నాడు. చల్లని ఉదయం పది నిమిషాలపాటు నడిపి చూశాడు. ఇంజను తేనెటీగలా మ్రోగింది. యువకుడు సంతోషించి బయానా ఇవ్వడానికి జేబులో చేయి పెట్టాడు.

అరుగుమీద కూర్చున్న వృద్ధుడు కొడుకును దగ్గరకు పిలిచి మెల్లగా అడిగాడు: “ఎందుకు అమ్ముతున్నవో ఆ పిలగానికి చెప్పినవా బిడ్డా?”

కొడుకు వెంటనే సమాధానం చెప్పలేకపోయాడు. ఆ యువకుడు కారును స్వయంగా నడిపి చూశాడు, తృప్తి చెందాడు, ధర నిర్ణయించాడు. అబద్ధమాడవలసిన అవసరమే రాలేదు. మౌనంగా ఉంటే చాలు. అప్పుడప్పుడు కనిపించే దోషంలోని ప్రమాదం ఇదే. అది వస్తువును ఎంత చెడగొడుతుందో, మనిషిని చెడగొట్టడానికి కూడా అంత అవకాశమిస్తుంది. ఉద్యోగి కళ్ళముందు మధ్యాహ్నపు రహదారి, వెనుక నుండి వస్తున్న లారీ, ముందు సీటులో వాలిపోయిన తండ్రి కదలాడాయి. ఆ సీటులో నిండుచూలాలిని ఊహించుకున్నాడు. యువకుని దగ్గరకు వెళ్ళి జరిగినదంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని చెవులు ఎర్రబడుతూనే ఉన్నాయి.

యువకుడు డబ్బును తిరిగి జేబులో పెట్టుకున్నాడు. కోపగించుకోలేదు. కొంతదూరం వెళ్ళి వెనుకకు వచ్చి, “అన్నా, కాజీపల్లి కాడ ఒక ఉస్తాద్ ఉన్నడు. మా కంపెనీ డీసీఎం గిట్లనే ఆగుతుంటే ఆయననే పట్టిండు. ఒకసారి చూపియ్యరాదే” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఉస్తాద్‌కు అరవై ఏళ్ళు దాటాయి. కారును తీసుకుపోయినప్పుడు ఆయన బానెట్ ఎత్తలేదు. స్టూలు చూపి కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. తరువాత ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“ఎట్ల ఆగుతది సారూ? దగ్గుకుంట, గుంజుకుంట ఆగుతదా, దీపం ఊదినట్టు ఒక్కసారే ఆగుతదా?”

“దీపం ఊదినట్టే.”

“మల్ల సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతదా? తిరిగేటప్పుడు మీటర్ల ఇంజన్ స్పీడు ముల్లు లేస్తదా, పండుకునే ఉంటదా?”

ఉద్యోగికి జవాబు తెలియలేదు. అనేకసార్లు ఆ ముల్లు ముందే కూర్చొని సెల్ఫ్ కొట్టాడు గాని, దానిని ఎన్నడూ చూడలేదు. ఎండలోనా, చల్లపూటనా? ఎన్ని కిలోమీటర్లు నడిచాక? ట్యాంకులో పెట్రోలు ఎంత? ఏసీ ఉన్నదా? గతుకుల రోడ్డా, సాఫు రోడ్డా? ఎంతసేపటికి మళ్ళీ అందుకుంటుంది? సగం ప్రశ్నలకు ‘గుర్తులేదు’ అన్నదే సమాధానం.

“అయితే ఇయ్యాల నేను ఏం చెయ్యలేను సారూ” అన్నాడు ఉస్తాద్. “బండి మంచిగున్నప్పుడు నేను విప్పితే, మంచిగున్నదాన్నే విప్పినట్టు. రెండు వారాలు నడుపుండ్రి. అంతా ఒక పుస్తకంల రాయుండ్రి. అప్పటిదాక ఒక్క సామాను గూడ మార్పియ్యకుండ్రి. పెద్దాయనను మాత్రం ఇండ్ల కూసోబెట్టకుండ్రి.” ఆ రోజు ఆయన పైసా కూడా తీసుకోలేదు.

రాసి ఉంచడం ప్రయోగశాల ఉద్యోగికి కొత్త కాదు. రాయనిది జరగనట్లేనన్నది అతని వృత్తి నేర్పిన మొదటి పాఠం. తాను తయారీలోని ప్రతి మాత్రకూ లెక్క రాసి, తన కారుకు మాత్రం ఏ లెక్కా రాయకపోవడం అతనికి సిగ్గనిపించింది. తండ్రిని అద్దెకారులో పంపుతూ, తాను ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే ఆ కారును నడుపుతూ, పదహారు రోజులు ప్రతి ప్రయాణాన్నీ నమోదు చేశాడు. అద్దె ఖర్చు పెరుగుతుంటే, ఇంకో పంపో, ఇంకో తీగో మార్పించి చూద్దామా అని ఒకటి రెండుసార్లు మనసు తొందరపెట్టింది. తండ్రి వారించాడు: “నా కోసమని ఆగమాగం గాకు. నా జబ్బును గూడ డాక్టర్లు మొదట మూన్నెల్లు గ్యాస్ అనే అనుకున్నరు.”

పదహారు రోజులలో కారు ఏడుసార్లు ఆగింది. ఆ ఏడింటిని ఒకచోట చేర్చి చూసేసరికి అంతవరకు చిత్తం వచ్చినట్లు ప్రవర్తిస్తున్నదనుకొన్న కారుకు ఒక నియమమున్నదని తేలింది. ఉదయం షిఫ్టుకు వెళ్ళేటప్పుడు గాని, రాత్రి తిరిగి వచ్చేటప్పుడు గాని ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగినవన్నీ పగటి ఎండలోనే. ఆరుసార్లు ఇరవై అయిదు నిమిషాలకు మించి నడిచిన తరువాతనే ఆగింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, అడుగంటినప్పుడు కూడా ఆగింది. గతుకులలోనూ ఆగింది, రహదారిపైనా ఆగింది. ఆగిన ప్రతిసారీ సెల్ఫ్ కొడుతుంటే వేగసూచి ముల్లు సున్నా దగ్గరనే పడి ఉన్నది. ఇరవై నుండి ముప్పయి నిమిషాల తరువాత తనంతట తానే అందుకున్నది.

ఏడవ సంఘటన ఒక్కటి మాత్రం సూత్రానికి ఒదగలేదు. ఆ రోజు అరగంట నడిపి, కారు ఆపి, అయిదు నిమిషాలు చాయ్ త్రాగి బయలుదేరగా, మూడు నిమిషాలకే ఆగిపోయింది. విశ్రాంతి ఇచ్చిన తరువాత ఇంకా త్వరగా ఆగడమేమిటి? ఆ పంక్తిని కొట్టివేద్దామా అని ఉద్యోగి ఆలోచించాడు. కాని ఇష్టం లేని ఫలితాన్ని తుడిచివేయరాదన్నది కూడా అతని వృత్తి నేర్పిన పాఠమే. అలాగే ఉంచాడు.

ఉస్తాద్‌కు చదువు అంతంతమాత్రమే. పుస్తకాన్ని ఉద్యోగి చేత చదివించుకొని, కళ్ళు మూసుకొని విన్నాడు. చాయ్ సంగతి వచ్చినప్పుడు కళ్ళు తెరిచి, “అన్నిట్లకు గిదే అసలైంది సారూ” అన్నాడు. ఇంజను నడుస్తున్నంతసేపు నీరు తిరుగుతూ, ఫ్యాను గాలి విసురుతూ వేడిని బయటికి పంపుతుంటాయి. ఇంజనును ఆపగానే నీరూ ఆగుతుంది, ఎదురుగాలీ ఆగుతుంది. లోపలి లోహంలో నిలువ ఉన్న వేడి కొన్ని నిమిషాలసేపు బానెట్ క్రింద పైకి తేలి, చుట్టూ ఉన్న భాగాలను మునుపటికంటే ఎక్కువగా కాలుస్తుంది. కనుక అయిదు నిమిషాల విరామం చల్లార్చలేదు, మరింత వేడెక్కించింది. నియమాన్ని భంగపరచినట్లు కనిపించిన సంఘటనయే నియమాన్ని దృఢపరచింది.

‘ఇది ఉన్నప్పుడు అది ఉండడం అన్వయం, ఇది లేనప్పుడు అది లేకపోవడం వ్యతిరేకం’ అని తర్కశాస్త్రం చెబుతుంది. రెండూ కుదిరినప్పుడే కారణాన్ని నమ్మవచ్చు. వేడి ఉన్నప్పుడు దోషమున్నది. వేడి లేనప్పుడు దోషం లేదు. పెట్రోలుకు, గతుకులకు ఈ సంబంధం కుదరలేదు. పెట్రోలు అందకపోతే ఇంజను దగ్గి దగ్గి ఆగుతుంది. దీపం ఊదినట్లు ఆగితే విద్యుత్తు సంబంధమైన కారణాన్ని ముందు వెదకాలి. ఇక, ఇంజను తిరుగుతున్నా ముల్లు లేవకపోవడమంటే ఇంజను తిరుగుతున్నదన్న వార్త కంప్యూటరుకు అందడం లేదని అనుమానించాలి. ఆ వార్తను తెచ్చేది క్రాంక్ సెన్సరు.

ఈ సెన్సరు బొటనవ్రేలంత ఉండే చిన్న వస్తువు. ఆ కారులోని రకం సెన్సరులో ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక వంటి రాగి తీగతో చుట్టిన చుట్ట ఉంటాయి. ఇంజనుతోపాటు తిరిగే పళ్ళచక్రం దాని ముందు నుండి సాగిపోతుంటే, ప్రతి పన్నుకూ చుట్టలో ఒక చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. ఆ స్పందనలను లెక్కించి, ఏ క్షణంలో పెట్రోలు చిమ్మాలో, ఏ క్షణంలో నిప్పు రగిలించాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. స్పందన ఆగితే ఇంజనే ఆగినదని భావించి రెండింటినీ నిలిపివేస్తుంది. అందుకే ఆ కారు కంప్యూటరు జ్ఞాపకంలో దోష సంఖ్య నమోదు కాలేదు. దాని దృష్టిలో దోషమే జరగలేదు!

అనుమానం నిశ్చయం కాదు. ఉస్తాద్ సెన్సరును వెంటనే మార్చలేదు. మే నెల మధ్యాహ్నం కారును ఎండలో నిలిపి, బానెట్ మూసి, ఏసీ వేసి ఇంజనును నడవనిచ్చాడు. ఇరవై నిమిషాలు, ముప్పయి నిమిషాలు గడిచాయి. ఉద్యోగి జీవితంలో మొదటిసారిగా తన కారు ఆగిపోవాలని కోరుకుంటూ నిలబడ్డాడు. నలభయ్యవ నిమిషం దగ్గర ఇంజను దీపం ఊదినట్లు ఆగింది.

ఉస్తాద్ తొందరగా కదిలాడు. ముందు ప్లగ్గుకు నిప్పు వస్తున్నదేమో చూశాడు, రావడం లేదు. సెన్సరు కప్లరును ఊడదీసి, మల్టీమీటరు కొనలను నేరుగా సెన్సరు పిన్నులకే ఆనించాడు. తీగ తెగినట్లు మీటరు చూపింది. సెన్సరు దగ్గరనే కొలిచినందువల్ల దోషం దాని నుండి కంప్యూటరుకు పోయే వైరింగులో ఉన్నదన్న సందేహానికి తావు లేకుండా పోయింది. తరువాత చల్లని నీటిలో ముంచిన గుడ్డను సెన్సరుపై పరిచాడు. కొన్ని నిమిషాలకు మీటరులో అంకెలు ప్రాణం పోసుకున్నాయి. కప్లరు తగిలించి సెల్ఫ్ కొట్టగానే ముల్లు లేచింది, ఇంజను అందుకున్నది. అదే పరీక్షను మరి రెండుసార్లు చేసి, మూడుసార్లూ ఒకే ఫలితం వచ్చిన తరువాతనే కొత్త సెన్సరును తెప్పించాడు. దాని ధర వెయ్యి రూపాయల లోపే.

పాత సెన్సరును ఉద్యోగి అడిగి తీసుకున్నాడు. ప్రక్కనున్న చాయ్ దుకాణం నుండి వేడినీళ్ళు తెచ్చి, పలుచని ప్లాస్టిక్ సంచిలో సెన్సరును ఉంచి నీటిలోకి దింపి, ఉష్ణమాపకంతో, మీటరుతో తన పద్ధతిలో పరీక్షించాడు. ముప్పయి డిగ్రీల దగ్గర దాని నిరోధం సుమారు 850 ఓములు. అరవై డిగ్రీల దగ్గర సుమారు 945. రాగి వేడెక్కినకొద్దీ ప్రతి డిగ్రీకీ దాని నిరోధం దాదాపు 0.39 శాతం పెరుగుతుంది గనుక ఇంతవరకు వింత లేదు. డెబ్బయి అయిదు దాటేసరికి అంకె ఒక్కసారిగా మాయమై, తీగ తెగినట్లు చూపింది. నీరు చల్లారాక అంకె మళ్ళీ వచ్చింది. చుట్టను కప్పి ఉన్న పూత వేడికి వ్యాకోచించినప్పుడు, లోపల ఎక్కడో తెగిన తీగ కొనలు విడిపోతున్నాయి. చల్లబడి సంకోచించగానే మళ్ళీ తాకుతున్నాయి. ఒక తండ్రిని నడిరోడ్డుమీద నిలబెట్టినది, ఒక కొడుకును అసత్యం అంచువరకు తీసుకువెళ్ళినది కంటికి కనిపించని ఆ పగులే!

ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించే శాస్త్రానికి నిదానమని పేరు. మాధవకరుడు రచించిన రోగవినిశ్చయమనే గ్రంథం ‘మాధవనిదానం’గానే ప్రసిద్ధమైనది. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అనే అయిదింటిని పరిశీలించి రోగాన్ని నిశ్చయించాలని వైద్యులు చెప్పారు. రోగానికి హేతువేమిటి, ముందుగా కనిపించే చిహ్నాలేమిటి, వ్యక్తమైన లక్షణమేమిటి, దేనివల్ల ఉపశమిస్తున్నది, లోలోపల ఏ క్రమంలో పరిణమిస్తున్నది అన్నవే ఆ అయిదు. ఉస్తాద్ ఆ గ్రంథం పేరు కూడా విని ఉండడు. కాని తడిగుడ్డతో ఆయన చేసినది ఉపశయ పరీక్షయే. వచ్చిపోయే జ్వరాలను కూడా మన వైద్యులు విషమజ్వరాలని పేర్కొని, రెండు రోజులకొకసారి తిరిగివచ్చేదానిని తృతీయకమని, మూడు రోజులకొకసారి వచ్చేదానిని చతుర్థకమని విభజించారు. జ్వరం ఎప్పుడు వస్తున్నదో లెక్కించి రాసుకొన్నందువల్లనే ఆ విభాగం సాధ్యమైనది. జ్వరం లేని రోజున రోగిని చూసిన వైద్యుడు ఆరోగ్యవంతుడని పొరపడవచ్చు.

ఆ విషమజ్వరాలలో మలేరియా ప్రధానమైనది. అది మనిషికి ఎలా సోకుతుందన్న రహస్యం కాజీపల్లికి ఎంతో దూరం కాని సికింద్రాబాదులోనే బయటపడింది. ఆంగ్ల సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ సుమారు రెండేళ్ళు దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. మలేరియాను మోసే జాతి కాని దోమలలో వెదికినంతకాలం ఆయనకు ఏమీ దొరకలేదు. అయినా ప్రయత్నం మానక, 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో నోబెల్ బహుమతిని పొందాడు. బేగంపేటలోని ఆ భవనం నేడు ఆయన పేరుతోనే ఉన్నది. దొరకనిది లేదనుకోకుండా, చూడవలసిన చోట, చూడవలసిన వేళ చూడలేదని అనుకోవడమే పరిశోధకుని లక్షణం.

ఈ మాట కార్లకు, జ్వరాలకు మాత్రమే చెందదు. కాజీపల్లి, పటాన్‌చెరు ప్రాంతాల కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. వాగులోని నీటిని గాని, పొగగొట్టంలోని గాలిని గాని ఒక్క పూట పరీక్షిస్తే ఆ ఒక్క పూట సంగతే తెలుస్తుంది. మిగిలిన వేళల సంగతి తెలియాలంటే ఎల్లవేళలా చూస్తూ ఉండాలి. కాలుష్యం అధికంగా వెలువరించే పదిహేడు రకాల పరిశ్రమలు నిరంతరం కొలిచే పరికరాలను అమర్చుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. ఆ రకాలలో ఔషధ పరిశ్రమ కూడా ఒకటి. స్థాలీపులాక న్యాయం చాలని చోట పుస్తకం తెరిచి రాయడం తప్ప మార్గం లేదు. అది వృద్ధుని కోసం నడిచే కారైనా అంతే, ఊరంతా త్రాగే నీరైనా అంతే.

కొత్త సెన్సరు అమర్చిన రోజున ఉస్తాద్ దాని ధర మాత్రమే తీసుకున్నాడు. “నా కూలి ఇప్పుడే వద్దు. పదిహేను రోజులు మిట్టమధ్యాహ్నం నడుపుండ్రి, పుస్తకంల రాయుండ్రి. ఆగకుంటే అప్పుడియ్యుండ్రి” అన్నాడు. ఒక్కరోజు ఆగకపోవడాన్ని విజయమని ఆయన నమ్మలేదు. పదిహేను రోజులు ఎండలు మండాయి. పుస్తకంలోని ‘ఆగినది’ అనే గడి ఖాళీగానే ఉన్నది. పదహారవ రోజున ఉద్యోగి కూలి డబ్బుతోపాటు పుస్తకాన్ని కూడా తీసుకువెళ్ళి చూపించాడు.

గడ్డపోతారం యువకునికి కబురు పంపగా, అతడు అప్పటికే మరొక కారును చూసుకున్నానని చెప్పాడు. అయితే కొనడానికి ముందు దానిని ఉదయం పూట కాక, మధ్యాహ్నం రెండు గంటలకు, గంటసేపు నడిపి చూశాడట!

తెలుగు వాడుకలో నిదానమంటే నెమ్మది. శాస్త్ర వ్యవహారంలో నిదానమంటే కారణ నిర్ణయం. ఒకే మాటకు ఈ రెండర్థాలు ఎలా వచ్చాయో గాని, ఉస్తాద్ పందిరి క్రింద అవి రెండూ కలిసే ఉన్నాయి. నెమ్మది లేనిచోట కారణం దొరకలేదు. కారణం దొరికేవరకు ఆయన నెమ్మదిని విడువలేదు.

కారు దోషం తీరింది. వృద్ధుని వ్యాధి అటువంటిది కాదు. దానిని మార్చివేసే చిన్న వస్తువేదీ బజారులో దొరకదు. వారానికి రెండుసార్లు సంగారెడ్డికి పోవడం, నాలుగు గంటలు పడుకోవడం, తిరిగి రావడం అలాగే కొనసాగాయి. అన్ని దోషాలూ తీరేవి కావు. కొన్నింటితో జాగ్రత్తగా కలిసి నడవవలసి ఉంటుంది. కొడుకు ఆ పుస్తకాన్ని పారవేయలేదు. వెనుక వైపు నుండి కొత్త పుట తెరిచి, తండ్రి రక్తపోటు, బరువు, త్రాగిన నీరు తేదీలవారీగా రాయడం మొదలుపెట్టాడు. వృద్ధుడు ముందు సీటులో ఆ పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని, కిటికీలో నుండి చెరువులను చూపిస్తూ మళ్ళీ పాత కథలు చెప్పసాగాడు.